పిండి పొంగేలోగా

నిన్నటికి నేల మెత్తబడింది.
నానమ్మని పూడ్చిపెట్టాం.
పోయింది మాత్రం ఫిబ్రవరిలో.
అప్పుడు గడ్డపారకి లొంగే నేల కాదు.
అంచేత రెండు నెలలు చర్చి వెనక కొట్టంలో,
పైన్ చెక్కపెట్టెలో ఎదురుచూసింది.
"తొందరేముంది, పొయ్యి మీద ఏమైనా పెట్టొచ్చానా"
అనుకునే ఉంటుంది లోపల.

ఆమె పేరు కెజయా.
న్యూఫౌండ్‌లాండ్ తీరానికి ఎదురుగా, ఇప్పుడెవరూ ఉండని దీవిలో
పదకొండు ఇళ్ళు, ఒక చర్చి,
ఎండబెట్టిన కాడ్ చేపల వాసన.
ఒకరోజు సర్కారు మనిషి పడవ దిగి చెప్పాడట:
ఇక్కడికి కరెంటు రాదు, డాక్టరు రాడు,
మీరే అవతలికి రండి.
తలకింత అని డబ్బు కూడా లెక్కగట్టాడు.
తాత ఏబెల్ రెండు రాత్రులు నిద్రపోలేదు.
నానమ్మ ఒక్కటే మాటంది:
"వస్తాను. నా పొయ్యి నాతో వస్తే."

పొయ్యి రావాలంటే ఇల్లు రావాలి.

ఇంటికింద దుంగలు పెట్టి దొర్లించారు.
చుట్టూ ఖాళీ పీపాలు కట్టారు.
సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళలోకి దించారు.
ముందు ఆరు మోటారు పడవలు,
వెనక తాళ్ళకి వేలాడుతూ
కిటికీ తెరలతో సహా ఇల్లు,
బడికెళ్ళనని మొరాయించే పిల్లాడిలా.

ఆ తెల్లవారుజామున ఆమె చేసిన పని
ఎవరికీ చెప్పలేదు.
రోజూలాగే పిండి కలిపింది.
ఈస్టు వేసి, మొలాసిస్ కాస్త వేసి,
బొటనవేలితో పైన శిలువ గీసి,
తాత పాత స్వెట్టరు చుట్టి
ఆర్పేసిన పొయ్యి పక్కన పెట్టి వచ్చింది.
"లోపల ఎవరూ లేరుగా?" అని అరిచారు పడవలోంచి.
"మనుషులెవరూ లేరు" అంది.

తాత చూపంతా పీపాల ముడుల మీద.
అప్పటికి ఏడేళ్ళ మా నాన్న
కిటికీలోంచి తన మంచం కనబడుతోందని ఏడుపు.
నానమ్మ సూర్యుణ్ణి చూస్తూ కూర్చుంది.
పిండి పొంగేలోగా చేరతామా,
ఆమె బెంగంతా అదొక్కటే.

అవతలి ఒడ్డున ఇల్లు ఇసకలో దిగబడి
ఒక పక్కకి ఒరిగింది.
రెండు కప్పులు పగిలాయి. గోడగడియారం ఆగింది.
పిండి గిన్నె అంచు దాటి
స్వెట్టరు చేతుల్లోకి పాకింది.
ఒరిగిన నేల మీదే నిలబడి ఆమె పొయ్యి రాజేసింది.
రొట్టె కూడా ఒక పక్కకే ఒరిగి కాలింది.
తాళ్ళు లాగి చేతులు బొబ్బలెక్కినవాళ్ళూ
చూడ్డానికొచ్చిన కొత్త ఊరివాళ్ళూ
మొలాసిస్ పూసుకుని తిన్నారు.
ముందు చెప్పొచ్చుగా అని చాలా ఏళ్ళకి నేనడిగితే,
"చెబితే దింపేయమనేవాళ్ళు."

ఇది విని మెత్తని మనిషి అనుకునేరు.
చెక్కగరిటెతో మా వేళ్ళ మీద కొట్టేది.
అరువిచ్చిన జల్లెడ తిరిగిరాలేదని
పక్కింటి డ్రుసిల్లాతో మూడేళ్ళు మాట్లాడలేదు.
తాత పోయిన చలికాలం
ఆయన కోటు పీలికలు చేసి
గోనెసంచి మీద కుట్టి, గుమ్మంలో పరిచింది.
తాతని ఎలా తొక్కుతాం అంటే,
"బురద బూట్లతో నా నేలని నలభై ఏళ్ళు తొక్కాడు,
ఇప్పుడు నా వంతు" అంది.
తను మాత్రం ఎప్పుడూ దాన్ని దాటుకునే నడిచేది.

ఇల్లు తర్వాతెప్పుడూ నిటారుగా నిలబడలేదు.
తాత ఎన్ని చెక్కలు కింద దూర్చినా
ఒక వేలెడు వాలు మిగిలే ఉంది.

నిన్న అందరూ వెళ్ళిపోయాక
నా కొడుకు జేబులోంచి గోళీ తీసి నేల మీద పెట్టాడు.
వాడికెవరూ చెప్పలేదు.
అది కాసేపు తటపటాయించి
మెల్లగా, తర్వాత తొందరగా,
తాత కోటు పక్కనుంచి దొర్లుకుంటూ పోయి
పొయ్యి కాలికి తగిలి ఆగింది.

పొయ్యి చల్లగా ఉంది.
కట్టెల కోసం బయటికెళ్ళాను.